ముక్కాత్మారాం సెంటు తీర్పు

మా గల్లీలో ఆత్మారాంను ఉత్త ఆత్మారాం అని ఎవరూ పిలిచేవారు కాదు. వెనకాల ముక్కాత్మారాం అనేవారు, ముందర కూడా ముక్కాత్మారాం అనేవారు. అతనికి కోపం వచ్చేది కాదు సరికదా, కొత్తవాళ్లెవరైనా ముక్కు వదిలేసి పిలిస్తే కొంచెం చిన్నబుచ్చుకునేవాడు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తా అతను. చెరకు బండ్లను తూకం వేయించడం ఉద్యోగం. ఉద్యోగం తూకానిదే అయినా పేరు మాత్రం వాసనది. వాళ్ల నాయన నిజామాబాద్‌లో అత్తరు, ఊదుబత్తీలు అమ్మేవాడు. ఆ దుకాణంలో పెరగడం వల్ల ఆత్మారాం ముక్కు చిన్నప్పుడే సానదేలింది. నెయ్యి డబ్బా మూత తీయగానే అందులో వనస్పతి కలిసిందో లేదో చెప్పేవాడు. పసుపు ఈ ఏటిదో నిరుటిదో చెప్పేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఆ ముక్కును వెతుక్కుంటూ మా గల్లీకి వచ్చేవారు.

పెళ్లిచూపుల రోజున కూడా ఊరుకోలేదట. ప్లేటులో పెట్టిన శీరా నోట్లో పెట్టుకోకముందే, అడుగంటింది అని పెద్దలందరి ముందర అనేశాడట. ఆ శీరా చేసింది పెళ్లికూతురు రాధాబాయే. అయినా పెళ్లి జరిగింది. అంత మాటన్నవాణ్ణి ఎందుకు ఒప్పుకున్నావని ఆడవాళ్లు అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి అనుకున్నానని ఆమె చెప్పేది.

అంతటి ముక్కు ఒక చలికాలంలో పోయింది.

ఆ ఏడు ఊళ్లో అందరికీ వచ్చిన ఫ్లూ జ్వరమే అతనికీ వచ్చింది. జ్వరం తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాసనను వెంట తీసుకుపోయింది. ముక్కు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మొదట్లో అతనికీ తెలియలేదు. మా ఊళ్లో చెరకు గానుగ సీజను మొదలైతే గాలి నిండా మడ్డి వాసనే. కొత్తగా బస్సు దిగినవాళ్లు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు, మాకు మాత్రం అలవాటైపోయి తెలియదు. తనకూ అలాగే అలవాటైందనుకున్నాడు. తర్వాత సబ్బు వాసన రాలేదు, సాంబ్రాణి వాసన రాలేదు. ఒకరోజు బజారులో మల్లెపూల బుట్టలో మొహం పెట్టి గట్టిగా పీల్చి చూశాడు. వాసనకు బదులు పూలామె తిట్లు వచ్చాయి. అవి తీసుకుని ఇంటికి వచ్చాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు. పెళ్లానికి అసలే చెప్పకూడదనుకున్నాడు. కాటా గుమాస్తాలు ఊళ్లో ఎంతోమంది ఉంటారు. ముక్కు తీసేస్తే ఆత్మారాంలో ఇంకేం మిగులుతుందని అతని భయం.

అందుకని తీర్పు చెప్పే పద్ధతి మార్చాడు. ఎవరైనా నెయ్యి తెస్తే కళ్లు మూసుకుని దీర్ఘంగా పీల్చేవాడు. వెంటనే ఏమీ అనేవాడు కాదు. మీకేమనిపిస్తున్నదని ఎదుటివాళ్లను అడిగేవాడు. వాళ్లొక మాట అనేవారు, పక్కన కూరగాయలు తరుగుతున్న రాధాబాయి ఒక మాట అనేది. ఆ మాటలన్నీ కూడబెట్టుకుని అతను ఒక తీర్పు చెప్పేవాడు. ఇదివరకు టక్కున చెప్పేవాడు, ఇప్పుడు ఆలోచించి చెబుతున్నాడని జనం మెచ్చుకున్నారు. ఆ విధంగా ముక్కు పోయాక దాని ఇజ్జత్ ఇంకా పెరిగింది.

ఇలా రెండేళ్లు గడిచాయి. అప్పుడు బాపురావు దిగాడు.

బాపురావు రాధాబాయి తమ్ముడు. నిజామాబాద్‌లో ఒక భాగస్థుడితో కలిసి గాజుల దుకాణం నడిపేవాడు. దుకాణం బాగానే నడిచేది, కానీ అతనికి ఒక చోట మనసు నిలిచేది కాదు. అప్పట్లో పోచంపాడు దగ్గర గోదావరి మీద ఆనకట్ట కడుతున్నారు. అక్కడి ఇంజనీర్ల ఇళ్లకు గాజులు తీసుకుపోతే, ఒక దొరసాని అడుగు బొడుగు మిగిలిన సెంటు సీసా చూపించి, ఇలాంటిది దొరుకుతుందా అని అడిగిందట. అది పారిస్ నుంచి వచ్చిన సరుకు. బొంబాయి ఏజెంటు ఒకతను, అచ్చం అదే వాసన, పదో వంతు ధరకు ఇస్తానన్నాడు. సీసా అదే ఆకారం, డబ్బా అదే రంగు. అసలుదాని మీద పారిస్ అని ఉన్నచోట దీని మీద పారస్ అని ఉంది.

"తెలుగుల రాస్తె ఒక్క గుడే ఫరక్ బావా," అన్నాడు బాపురావు. "గుడి తీసేసిండ్రు. లోపట దేవుడున్నడా లేడా, నువ్వే సూసి చెప్పాలె."

అతను వచ్చింది శనివారం మధ్యాహ్నం. రాధాబాయి ఇంట్లో లేదు. వర్నిలో వాళ్ల చెల్లెలు ప్రసవిస్తే సాయానికి పోయి ఉంది, మర్నాడు సాయంత్రం బస్సుకు వస్తుంది. బాపురావు, దొరసాని నడిగి తెచ్చిన అసలు ఒకదానిలో, ఏజెంటు నమూనా ఒకదానిలో పోసిన రెండు చిన్న సీసాలు తీసి అరుగు మీద పెట్టాడు. ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి తెల్లదారం కట్టి ఉన్నాయి. ఏది అసలో ఏది నకలో తాను చెప్పనన్నాడు. బావ ముక్కుకు తేడా తెలిస్తే ఈ వ్యాపారం వద్దు, తెలియకపోతే జిల్లా మొత్తానికి ఏజెన్సీ తీసుకుంటాడు. గాజుల దుకాణంలో తన వాటా భాగస్థుడికి వదిలేస్తాడు. సోమవారం ఏజెంటు నిజామాబాద్ వస్తున్నాడు.

ఆత్మారాం కళ్లు మూసుకుని రెండు సీసాలూ పీల్చాడు. రెండూ గాలే. నీకేమనిపిస్తున్నదని అడిగాడు. తనకు ఏదీ తేల్చరాకనే వచ్చానని బాపురావు అన్నాడు. ఆత్మారాం కూరగాయల పీట వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. ఆ రోజెందుకో పని ముందుకు సాగడం లేదని అతనికి అనిపించింది గానీ, ఎందుకో తట్టలేదు.

"సెంటన్నది ఒక్క ఊపిరిల తేలదు," అన్నాడు చివరికి. "పొద్దు పొడిచినంక ఒక తీరు, పొద్దుగూకినంక ఒక తీరు ఉంటది. రేపు సాయంత్రం దాక నా తాన ఉండనియ్యి."

గడువు కోసం అన్న మాట అది. అందులో ఎంత నిజముందో అన్నవాడికి తెలియదు. బాపురావు మాత్రం ఆ జ్ఞానానికి తల ఊపి, మళ్లీ నిజామాబాద్ బస్సెక్కాడు.

ఆదివారం పొద్దున ఆత్మారాం స్నానం చేసి, ఉతికిన తెల్ల మల్లు అంగీ వేసుకున్నాడు. కుడి చేతి కఫ్ మీద ఎర్రదారం సీసా, ఎడమ చేతి కఫ్ మీద తెల్లదారం సీసా ఒంపుకున్నాడు. తన ఒక్క ముక్కు పనిచేయకపోతేనేం, ఊరి నిండా ముక్కులున్నాయి. వాటి చేత పని చేయిద్దామని అతని పథకం.

మొదట నా దగ్గరికే వచ్చాడు. కుడి చేయి నా మొహం ముందర పెట్టి, నాకు ఎరుకనే, నీకేమనిపిస్తున్నదో చెప్పు అన్నాడు. గులాబీ తోటలో తలుపు తెరిచినట్టుంది అన్నాను. ఎడమ చేయి పెట్టాడు. ఏదో ఉంది, మంచిదే, కానీ దూరంగా ఎవరో పిలుస్తున్నట్టుంది. నాకు కుడిదే నచ్చింది. పక్కింటి శంకరమ్మకూ కుడిదే నచ్చింది. హోటలు సిద్దిరాములు చాయ వడగట్టడం ఆపి మరీ కుడి చేతిని రెండోసారి వాసన చూశాడు. మంగలి రాజమల్లు అయితే, కుడి చేయి పెండ్లికొడుకుది, ఎడమ చేయి పెండ్లికి వచ్చినోనిది అని తేల్చేశాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఆత్మారాంకు అనుమానమన్నది లేకుండా పోయింది. ఎర్రదారందే అసలు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడ్డాక ఇంక ముక్కుతో పనేముంది? ఆ సంతోషంలో ఇంటికి పోకుండా బజారులోనే తిరిగాడు.

మధ్యాహ్నం దాటాక ఒక విచిత్రం జరిగింది. జనానికి ఉన్నట్టుండి పనులు గుర్తుకు రాసాగాయి. గ్రంథాలయంలో అతను కూర్చున్న బెంచీ మీది వాళ్లు ఒక్కరొక్కరే లేచిపోయారు. బెంచీ అంతా తనకే మిగిలితే, గౌరవమనుకుని కాళ్లు చాపుకున్నాడు. పొద్దున రెండుసార్లు వాసన చూసిన సిద్దిరాములు చాయ గ్లాసు దూరం నుంచే జరిపి లోపలికి పోయాడు. కూరగాయల గంపతో కూర్చున్న మరాఠీ ఆమె, జరా బాజూలా వ్హా భావూ అంది. ఎండ అడ్డుతున్నానేమో అనుకుని పక్కకు జరిగాడు. ఆమె ఇంకొంచెం జరగమంది.

ఎవరూ అతనితో ఏమీ అనలేదు. ఊళ్లో అందరి వాసనలకూ తీర్పు చెప్పేవాడితో, నువ్వు కంపు కొడుతున్నావని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అంతటి ముక్కున్నవాడు వేసుకుని తిరుగుతున్నాడంటే ఏదో కారణం ఉండి ఉంటుందనుకున్నాం.

సాయంత్రం రాధాబాయి వర్ని బస్సు దిగి వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. మొగుణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. సంచీ లోపల పెట్టి, కిటికీలు రెండూ తెరిచి, చాయ పెట్టడానికి పోయింది. బాపురావు ఆమె వెనకనే, ఇదంతా ఊరి మడ్డి వాసనే అనుకుని ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చాడు. వీధి అరుగు మీద నేనూ శంకరమ్మా అప్పటికే కూర్చున్నాం. గాలి వాలు చూసుకుని కొంచెం ఎడంగానే కూర్చున్నాం.

ఆత్మారాం సీసాలు తెప్పించి, కళ్లు మూసుకుని, ఒక్కొక్కటే పీల్చాడు. ఈసారి ఎవరి అభిప్రాయమూ అడగలేదు.

"ఎర్రదారంది పారిస్. తెల్లది నక్లీ. సందేహం లేదు," అన్నాడు.

బాపురావు లేచి బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎర్రదారందే పారస్ అట. ఆత్మారాం ముక్కే మోసపోయిందంటే ఇంక జిల్లాలో కనిపెట్టేవాడు పుట్టలేదని, తనకు కావలసింది అదేనని, అతని కళ్లు మెరిసిపోయాయి.

ఓడిపోయి మెప్పు పొందడం ఆత్మారాంకు కొత్త. మొదట బాగానే ఉందనిపించింది. తప్పు చెప్పినా పరువు పోలేదు. కానీ బావమరిది రేపే దుకాణం వదిలేస్తానని లెక్కలు వేసుకుంటుంటే, ఆ సంతోషం నిలవలేదు. ఆ దుకాణం మీద బతికేది బాపురావు ఒక్కడే కాదు. అతని పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఉన్నారు. తాను లేని ముక్కుతో చెప్పిన మాట మీద వాళ్లందరినీ నిలబెట్టాడు.

లోపలినుంచి రాధాబాయి పిలిచింది. ఆ తర్వాత వంటింట్లో జరిగింది ఆత్మారామే నాకు చెప్పాడు, చెప్పేటప్పుడు నేల చూపులు చూశాడు.

ఆమె అంగీ విప్పమంది. విప్పాడు. కుడి కఫ్ అతని ముక్కు ముందర పట్టుకుంది.

"ఎట్లున్నది వాసన?"

"గులాబీ లెక్క," అన్నాడు, పొద్దున నేను చెప్పిన మాట గుర్తు చేసుకుని.

"పొద్దున గులాబే కావొచ్చు. ఇప్పుడైతె నానవెట్టిన చింతపండుల లాంతరు గ్యాసునూనె వోసినట్టున్నది. గల్లీ మలుపుకాడనే నాకు ఎరుకైంది. దగ్గరికొస్తె మీరు."

ఆత్మారాం జలుబు అందామనుకున్నాడు. ఆమె కళ్లు చూసి మానేశాడు.

"నీకెప్పటిసంది ఎరుక?" అన్నాడు.

"మీరు పేపరు సదువుకుంట కూసున్నరు, పక్కకే పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లవడ్డది. ఆ దినం సంది."

అంటే జ్వరం తగ్గిన నెలలోనే. అతను ఆ రెండేళ్లనూ వెనక్కి తిప్పుకుని చూసుకున్నాడు. ఎవరైనా నెయ్యి తెచ్చినప్పుడల్లా, ఈ నెయ్యి జర తెల్లగ లేదా అని కత్తిపీట మీద నుంచి ఒక గొంతు వినిపించేది. పసుపు తెస్తే, నిరుడు గిట్లనే ఉండె అనేది. అతను కళ్లు మూసుకుని ఉండేవాడు. ఎదుటివాళ్ల మాటలను తానే తెలివిగా రాబడుతున్నాననుకున్నాడు. ఊరందరినీ మాయ చేస్తున్నాననుకున్నాడు. రెండేళ్లుగా తీర్పులు చెప్పింది ఆమె. అతను వాటిని గట్టిగా చదివాడు, అంతే. మాయలో ఉన్నది ఊరు కాదు, తానొక్కడే.

మొదట కోపం వచ్చిందట. ఎవరి మీదనో తేల్చుకునేలోపల అది సిగ్గుగా మారింది.

"అప్పుడే అడగకపోయినవా?"

"మీరే చెప్తరని సూసిన," అంది రాధాబాయి. కొంచెం ఆగి, "రెండేండ్లు సూసిన," అంది.

అతను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఆ సంగతి అక్కడితో వదిలేసి, బయట బాపురావు సంగతి చూడమంది. తాను చెబితే తమ్ముడు అక్క చాదస్తమంటాడు, మీరే చెప్పాలంది. ఆత్మారాం అప్పుడు కూడా ఒక ఉపాయం ఆలోచించాడు. సోమవారం మంచిది కాదని చెప్పి ఏజెంటును తిప్పి పంపిద్దామన్నాడు. ఆమె చాయ గ్లాసులు అతని చేతికిచ్చింది.

అతను బనియను మీదనే, భుజాన ఆ అంగీతో అరుగు మీదికి వచ్చాడు. చాయ ఇచ్చి, గొంతు సవరించుకుని, నిన్ను పరీక్షిద్దామని అట్లా చెప్పిన బాపురావూ అని మొదలుపెట్టాడు. వాక్యం సగంలో ఆగిపోయింది. మా అందరి మొహాలూ ఒకసారి చూశాడు.

"నాకు వాసన రాదు," అన్నాడు. "రెండేండ్లాయె. నాకు ఏ వాసనా రాదు."

బాపురావు నవ్వాడు. మేమూ నవ్వాం. గాజుల దుకాణం వదలవద్దని బావ వేస్తున్న ఎత్తు అనుకున్నాడు అతను. ఇరవై ఏళ్లుగా నమ్మిన ముక్కు పోయిందంటే ఎవరు నమ్ముతారు? ఇన్నాళ్లూ దాచడానికి పడ్డ కష్టం ఒక ఎత్తు, ఇప్పుడు నమ్మించడానికి పడే కష్టం ఒక ఎత్తు అయింది. చివరికి ఆత్మారాం భుజం మీది అంగీ తీసి బావమరిది ఒళ్లో పడేశాడు.

బాపురావు కుడి కఫ్ ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరం పెట్టాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"గిది ఏసుకొని పొద్దంత బజార్ల తిరిగినవా బావా?" అన్నాడు మెల్లగా.

అంతే, రెండు సంగతులూ ఒక్కసారే రుజువయ్యాయి. శంకరమ్మ ముక్కున వేలేసుకుంది. నేనైతే ఆ వేలు వాసన కోసమా ఆశ్చర్యం కోసమా అని ఇప్పటికీ చెప్పలేను.

బాపురావు ఎడమ కఫ్ కూడా చూశాడు. దాన్ని తొందరగా దించలేదు. పొద్దున మేమెవరం పట్టించుకోని వాసన అది. ఎండలో, దుమ్ములో, చెమటలో తిరిగి కూడా అలాగే ఉంది, ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. నేనూ చూశాను. పొద్దున దానికి తక్కువ మార్కులు వేసినందుకు ఆ కఫ్ ముందర నాకు మొహమాటం వేసింది.

ఆ పారస్ కొన్న దొరసానులు మర్నాడు తమ చీరలు తీసుకుని తన దుకాణం మీదికి వస్తే ఎట్లుంటుందో బాపురావు కాసేపు ఊహించుకున్నాడు. ఏజెన్సీ వద్దనుకున్నాడు. కానీ అతను ఉత్త చేతులతో పోయే మనిషి కాదు. పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా ఊరంతా పారస్‌నే మెచ్చుకున్న సంగతి అడిగి తెలుసుకున్నాడు. తర్వాత ఏజెంటు దగ్గర కొన్ని డజన్లు మాత్రం తీసుకుని గాజుల పక్కన పెట్టాడు. ఎవరడిగినా, మధ్యాహ్నం దాకే పనిచేస్తది, ఆ తర్వాత అంగీ మార్చుకోవాలె అని ముందే చెప్పి అమ్మాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లు నవ్వుకుంటూ కొన్నారట. లగ్గం పొద్దుగాలనే అయిపోతది గదా, మాకంత వరకు చాలు అన్నారట. నకలు మీద అంతకన్నా సరైన తీర్పు మా ముక్కాత్మారాం మంచి రోజుల్లో కూడా చెప్పి ఉండడు.

సంగతి తెలిశాక జనం రావడం మానేస్తారని ఆత్మారాం భయపడ్డాడు. మానలేదు. నెయ్యి డబ్బాలు ఇప్పుడు రాధాబాయి ముందర పెడుతున్నారు, మూత తీసి పట్టుకోవడం అతని పని. పేరు కూడా పోలేదు. లేనిదాన్ని బట్టి కూడా మనుషుల్ని పిలుస్తారు మా ఊళ్లో.

ఆ ఆదివారమే, బాపురావును బస్సెక్కించి వచ్చాక, వెలుతురు ఉండగానే రాధాబాయి అంగీ నానబెట్టడానికి కూర్చుంది. దాని కుడి చేయి నీళ్లలో ముంచింది. ఎడమ చేయి ముంచకుండా పట్టుకుని ఉంది. ఆత్మారాం పక్కన పీట వాల్చుకున్నాడు.

"గా ఎడమ చేతిది ఎట్లుంటది?" అని అడిగాడు.

వాసన గురించి అతను ఒకరిని నిజంగా అడగడం అదే మొదలు. ఆమె కఫ్ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. పూల పేర్లు ఒకటి రెండు అనుకుని కాదనుకుంది.

"చెల్లె బిడ్డకు తానం వోసి, సాంబ్రాణి పొగేసి నా ఒడిల పండవెట్టిండ్రు," అంది. "గా బిడ్డ నెత్తి గిట్లనే ఉండె. గంతకన్న చెప్పరాదు నాకు."

ఆత్మారాం కళ్లు మూసుకున్నాడు. వాళ్ల కూతురు పెళ్లయి భీమ్‌గల్‌లో కాపురం చేసుకుంటోంది. ఆమె పుట్టిన కొత్తలో, డ్యూటీ నుంచి రాగానే ఆ చిన్న తల మీద మొహం ఆనించి కూర్చున్న సాయంత్రాలు గుర్తుకు వచ్చాయి. ముక్కుకు ఏమీ రాలేదు. అయినా ఊపిరి నిండా పీల్చాడు.

"గట్లయితె అసలుదే," అన్నాడు.

"సూడకుండనే?"

"నువ్వు చెప్పినవు గదా."

రాధాబాయి నవ్వి ఎడమ చేయి కూడా నీళ్లలో ముంచింది.